పదహారు పుట్లు, పన్నెండు వారాలు: కోవూరు వైపు ధాన్యం అమ్మకాన్ని ఆటగా నేర్పిన అనుభవం

నెల్లూరు జిల్లాలో వరి రైతు నారు పోసిన రోజు నుంచి కోత మిషన్ పొలంలోకి దిగే రోజు వరకు ప్రతిదానికీ నాలుగుసార్లు ఆలోచిస్తాడు. ఏ రకం వేయాలి, కాలువ నీళ్లు చివరి తడికి అందుతాయా, దోమ మందు ఇప్పుడే కొట్టాలా ఇంకో వారం ఆగాలా అని ఇంట్లో, అరుగు మీద, టీ కొట్టు దగ్గర చర్చ నడుస్తూనే ఉంటుంది. అమ్మకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మొత్తం పంట ఒక్క మాటతో వెళ్లిపోతుంది. దళారి కల్లం దగ్గరికి వస్తాడు, గుప్పెడు వడ్లు తీసి ఒక గింజ కొరికి చూస్తాడు, పుట్టికి, అంటే 850 కిలోలకు, ఇంత అంటాడు. సాయంత్రానికి కాటా పడుతుంది.

నేను రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు మార్కెటింగ్ శిక్షణ ఇస్తుంటాను. చాలా ఏళ్లు ఈ విషయాన్ని ప్రొజెక్టర్ పెట్టి, స్లైడ్లు చూపించి చెప్పాను. ధరల రిస్క్ అంటే ఏంటి, నిల్వ అంటే ఏంటి అని చెబితే అందరూ తల ఊపేవాళ్లు. తర్వాతి కారులో (పంటలో) మళ్లీ అదే కల్లం, అదే సాయంత్రం, అదే కాటా. ఇలా కాదు, చేత్తో చేయించి చూపించాలనుకుని ఆన్‌లైన్ ఆట మొదలుపెట్టాను. ఆ ఆట రెండు బ్యాచ్‌ల్లో ఎలా నడిచింది, మొదటిసారి నా వల్ల ఏం తప్పు జరిగింది, రెండోసారి ఏం మార్చాను అన్నది ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి పని చేసేవాళ్లకు ఉపయోగపడాలన్నదే నా కోరిక.

ఆట ఆలోచన నాది కాదు. అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లు ‘కమాడిటీ ఛాలెంజ్’ అనే ఆన్‌లైన్ ఆటతో అక్కడి రైతులకు, విద్యార్థులకు ధాన్యం అమ్మకం నేర్పిస్తారు. ఆటగాడి చేతిలో ఊహాత్మకంగా కొంత మొక్కజొన్నో, సోయానో, గోధుమో పెడతారు. దాన్ని నగదుకు అమ్మాలా, ముందే ధర ఒప్పుకుని తర్వాత తోలాలా, ఫ్యూచర్స్‌లో (ముందు తారీఖు సరుకుకు ఇప్పుడే ధర కట్టే మార్కెట్ ఒప్పందాల్లో) రక్షణ తీసుకోవాలా, ఆప్షన్ (ఒక ధరకు అమ్ముకునే హక్కు) కొనాలా అన్నది అతను తేల్చుకోవాలి. ధరలు మాత్రం నిజం మార్కెట్‌వే.

దాన్ని ఉన్నది ఉన్నట్టు తెచ్చి ఇక్కడ ఆడించలేం. చికాగోలో మొక్కజొన్న ఫ్యూచర్స్ ఒక్క కాంట్రాక్టు 5,000 బుషెళ్లు. అంటే సుమారు 127 టన్నులు. మా పుట్టి 850 కిలోలే కాబట్టి, ఒక్క కాంట్రాక్టే దాదాపు 149 పుట్ల బరువు. ఐదెకరాల రైతుకు పండేది పదహారు, పదిహేడు పుట్లు. పైగా నేను ఆట కట్టేనాటికి మన దేశంలో మా వరికి ఫ్యూచర్సే లేవు. 2021 డిసెంబర్ 20న మార్కెట్లను నియంత్రించే సెబీ ఏడు సరుకుల ఫ్యూచర్స్ ఆపేసింది. అందులో బాస్మతి కాని వరి ఒకటి, శనగలు ఒకటి. ఆ తర్వాత ఆ నిలుపుదలను పొడిగిస్తూ వచ్చారు. కాబట్టి మన రైతు చేతిలో నిజంగా ఉన్న పనిముట్లేంటో వాటితోనే ఆట కట్టాలి: విడతలుగా అమ్మడం, ఆరబెట్టడం, గోడౌన్‌లో పెట్టడం, మిల్లుతో ముందు బేరం, ప్రభుత్వ మద్దతు ధర.

యాప్ చేయించే డబ్బు నా దగ్గర లేదు. గూగుల్ షీట్, గూగుల్ ఫారం, ఒక వాట్సాప్ గ్రూపు, ఇంతే. ఒక్కొక్కరికి ఐదెకరాలు, పదహారు పుట్ల వడ్లు. ఆటలో పన్నెండు వారాలు. మంగళవారం, శనివారం రాత్రి ఏడున్నరకు గ్రూపులో ఆ ‘వారం’ ధర, ఒక వార్త పెడతాను. తొమ్మిదింటిలోపు ఎన్ని పుట్లు అమ్ముతారో, ఎన్ని ఉంచుతారో ఫారంలో రాయాలి. ఆరు వారాల్లో ఆట అయిపోతుంది.

మొదటి బ్యాచ్‌లో నా తప్పు

2024 డిసెంబర్‌లో మొదలుపెట్టాను. పంతొమ్మిది మంది చేరారు. కోవూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు వాళ్లే ఎక్కువ. సగానికి పైగా ముప్పై ఏళ్లలోపు కుర్రాళ్లు. ఫోన్ అలవాటు ఉంది, ఉత్సాహం ఉంది. ఎవరికి ఎక్కువ డబ్బు వస్తే వాళ్లే విజేత అని ప్రకటించాను. ధరల వరుస ఒక్కటే తయారుచేశాను. ధరలు బాగా పెరిగిన ఒక సీజన్‌ను చూసి అల్లినది అది. మధ్యలో ఒకటి రెండు చోట్ల తగ్గినా చివరికి పైకే పోయింది.

గెలిచిన కుర్రాడు పదకొండు వారాలు ఒక్క గింజ కూడా అమ్మలేదు. పన్నెండో వారంలో పదహారు పుట్లూ ఒకేసారి అమ్మాడు. గ్రూపంతా చప్పట్ల బొమ్మలతో నిండిపోయింది. నేనూ అభినందించాను. ఆరు వారాల ఆటలో వాళ్లందరికీ నేను నేర్పింది ‘ఆగితే పెరుగుతుంది’ అనే ఒక్క ముక్క అని ఆ రాత్రి నాకు తట్టలేదు.

మార్చిలో కోతలు వచ్చాయి. ఆ బ్యాచ్‌లోనే ఇంకో కుర్రాడు, ఇంట్లో నాన్న బేరం ఒప్పుకోబోతుంటే ‘ఆగు నాన్నా, ఇంకా పెరుగుతుంది’ అని ఆపాడు. వాళ్లకు గోడౌన్ లేదు. వడ్లు రోడ్డు పక్కన రాశి పోసి పట్టలు కప్పారు. వాన పడింది. పట్ట కింద నుంచి నీళ్లు పారి అడుగు వడ్లు రంగు మారాయి. మూడు వారాల తర్వాత, మొదట వచ్చిన బేరం కంటే పుట్టికి 1,800 తక్కువకు అమ్ముకున్నారు. విషయం తెలిసి వాళ్లింటికి వెళ్లాను. ఆ పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. కుర్చీ వేసి, మజ్జిగ ఇప్పించి, ‘మావాడు ఆటలో బాగా ఆడాడంట కదా సార్’ అన్నాడు. అంతకు మించి ఏమన్నా అని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

ఎక్కువ లాభానికి బహుమతి ఇచ్చే ఆట జూదం నేర్పుతుంది. ధర ఎటు పోతుందో ఎవరికీ తెలియని చోట, ఒకే ధరల వరుస మీద ఒక్కసారి ఆడిస్తే, అదృష్టం ఉన్నవాడు తెలివైనవాడిలా కనిపిస్తాడు. పంతొమ్మిది మందిలో ఎవరో ఒకరు గెలవక తప్పదు. వాళ్ల పద్ధతే మంచిదని మిగతా పద్దెనిమిది మంది అనుకుంటారు. రిస్క్ గురించి నేర్పే పని పెట్టుకున్నవాళ్లు మొదట చూసుకోవాల్సింది ఆట నియమాలను కాదు, మార్కులు దేనికి వేస్తున్నామన్నది.

మూడు దారులు

ఎడగారు (రెండో పంట) కోతలకు ముందు, 2025 జూలైలో రెండో బ్యాచ్ మొదలుపెట్టాను. ఇరవై మూడు మంది. ఈసారి ధరల వరుసలు మూడు కట్టాను. మూడూ పుట్టి 18,500 దగ్గర మొదలవుతాయి, మొదటి నాలుగు వారాలు ఒకేలా నడుస్తాయి, ఆ తర్వాత విడిపోతాయి. ఒకటి పెరుగుతూ పోయి పన్నెండో వారానికి 22,000 చేరుతుంది. ఒకటి దిగుతూ 16,200కు వస్తుంది. మూడోది ఏడో వారంలో 20,800 దాకా ఎక్కి, తర్వాత జారి 17,000 దగ్గర ఆగుతుంది. ప్రతి ఒక్కరూ ఆట మొదలవకముందే ఎన్ని పుట్లు ఎప్పుడు, ఏ ధరకు, ఎందుకు అమ్ముతారో కాగితం మీద రాసి ఫొటో పెట్టాలి. అదే ప్లాన్‌తో మూడు దారులూ నడవాలి. మార్కులు మూడింటిలో వచ్చిన అతి తక్కువ ఫలితానికి. ప్లాన్ మార్చుకోవచ్చు, కారణం రాయాలి.

మొదటి రోజే గొడవ. ‘అదేంది సార్, ఎక్కువ వచ్చినదానికి మార్కులేయరా?’ అన్నారు. ఒక సాయంత్రం రెండు ప్లాన్లు పక్కపక్కన వేసి చూపించాను. ఒకటి, అంతా ఆపి పన్నెండో వారంలో అమ్మడం. రెండోది, నాలుగేసి పుట్ల చొప్పున ఒకటో, నాలుగో, ఏడో, పదో వారాల్లో అమ్మడం. పెరిగే దారిలో ఆపినవాడికి పుట్టికి 22,000, విడతలవాడికి సగటున 19,750. దిగే దారిలో ఆపినవాడికి 16,200, విడతలవాడికి 17,900. అంటే మంచి రోజుల్లో ఆపినవాడు పుట్టికి 2,250 ముందున్నాడు, చెడ్డ రోజుల్లో 1,700 వెనకబడ్డాడు. ‘చూశారా, ఆపడమే మేలు’ అన్నారు కుర్రాళ్లు.

అప్పుడు వడ్డీ కలిపాను. నూటికి రెండు రూపాయల చేబదులు మీద 18,500కు నెలకు 370. గోడౌన్ అద్దె, గోతాలు, తూకంలో తగ్గేది కలిపితే వారానికి పుట్టికి 110 పడుతుందని వాళ్లే లెక్క కట్టారు. పదకొండు వారాలు ఆపినవాడికి 1,210 ఖర్చు. విడతలవాడికి సగటున నాలుగున్నర వారాలే కాబట్టి 495. ఇప్పుడు పెరిగే దారిలో 20,790, 19,255. దిగే దారిలో 14,990, 17,405. గెలిస్తే పుట్టికి 1,535 ఎక్కువ, ఓడితే 2,415 తక్కువ. తూకం తిరగబడింది. పదహారు పుట్ల మీద గెలుపు పాతిక వేల లోపు, ఓటమి ముప్పై ఎనిమిది వేల పైన. గ్రూపులో కాసేపు ఎవరూ ఏమీ రాయలేదు. తర్వాత ఒకరు ‘మరి వడ్డీ లేనోడికి?’ అని అడిగారు. ఈ మొత్తం శిక్షణలో నాకు వచ్చిన మంచి ప్రశ్నల్లో అదొకటి. వడ్డీ లేనివాడి లెక్క వేరే. అందుకే పక్కవాడి ప్లాన్ చూసి రాయకూడదు.

గోడౌన్ రసీదు మీద అప్పు సంగతి ఇక్కడే వచ్చింది. రిజిస్టరైన గోడౌన్‌లో పెట్టిన సరుకుకు ఇచ్చే ఎలక్ట్రానిక్ రసీదును బ్యాంకులో కుదువ పెట్టొచ్చు. కిసాన్ క్రెడిట్ కార్డున్న చిన్న, సన్నకారు రైతుకు కోత తర్వాత ఆరు నెలల దాకా వడ్డీ రాయితీ కూడా ఉంటుంది. ఏడాదికి ఏడు శాతం లెక్కన 18,500కు నెలకు 108. చేబదులైతే 370. తేడా అందరికీ అర్థమైంది. కానీ వడ్లు ఆరబెట్టి, అంత దూరం తోలి, రసీదు తెచ్చుకునేలోపు కోత మిషన్ అద్దె ఎవరిస్తారని అడిగారు. నా దగ్గర సరైన జవాబు లేదు. సంఘం కలిసికట్టుగా చేస్తే తప్ప ఒంటరి రైతుకు అది అందని పనే.

అప్పు రోజు

రెండో ఆటలో నేను చేర్చిన వాటిలో అన్నిటికంటే పని చేసింది అప్పు రోజు. ఆరో వారం నాటికి 1,20,000 కట్టాలి. లేకపోతే ఆ వారం ధరకే ఆ మేరకు వడ్లు షీటు నుంచి పోతాయి. ఇది నా బుర్రలో పుట్టింది కాదు. ముందు బ్యాచ్‌కు నేను క్లాసు చెబుతుండగా, సొంతంగా సేద్యం చేసుకునే ఒకావిడ లేచి అంది: ‘సార్, మేం ధర తెలవక అమ్ముకుంటన్నామనుకుంటన్నారా మీరు? ఎరువుల కొట్టోడు గుమ్మంలో నిలబడితే అమ్ముకుంటన్నాం.’ అప్పుడు సరే అని తల ఊపి వదిలేశాను. ఆట నియమాల్లో పెట్టాల్సిన మాట అని ఆరు నెలల తర్వాత గాని తెలిసిరాలేదు.

అప్పు రోజు ఉందని తెలిశాక ప్లాన్ల స్వరూపమే మారిపోయింది. అందరూ ముందు అప్పుకు సరిపడా పుట్లను వేరు చేశారు. 18,500 లెక్కన ఆరున్నర పుట్లు. అవి ఎప్పుడు అమ్మాలన్నది ధర నిర్ణయించదు, తారీఖు నిర్ణయిస్తుంది. వాటికి మిల్లుతో ముందు బేరం కుదుర్చుకుంటే మేలని కొందరు, మొదటి రెండు వారాల్లోనే అమ్మేస్తే మేలని కొందరు అన్నారు. మిగిలిన తొమ్మిదిన్నర పుట్ల మీదే అసలు ఆలోచన. ఇల్లు గడవడానికి ఎన్ని, ధర కోసం ఆగడానికి ఎన్ని. రెండే రెండు పుట్లు చివరిదాకా ఉంచుకుంటానని ఒక పెద్దాయన రాశాడు. కారణం దగ్గర ‘ఆశకు’ అని ఒక్క మాట రాశాడు. ఆ ప్లాన్‌కు నేను పూర్తి మార్కులు వేశాను.

కౌలు రైతుల లెక్క అందరినీ కదిలించింది. ఐదెకరాలకు ఖర్చు 2,08,000 అనుకున్నాం. సొంత పొలమైతే పదహారు పుట్ల మీద పుట్టికి 13,000 పడుతుంది. కౌలు ఎకరానికి పుట్టి వడ్లనుకుంటే ఐదు పుట్లు పోయి చేతికి పదకొండే మిగులుతాయి. అదే ఖర్చును పదకొండుతో భాగిస్తే పుట్టికి 18,909. 2024-25 గ్రేడ్-ఎ మద్దతు ధర క్వింటాకు 2,320, అంటే పుట్టికి 19,720. మద్దతు ధర పూర్తిగా వచ్చినా ఒక కారుకు మిగిలేది తొమ్మిది వేల లోపు. 17,500కు అమ్మితే 15,500 చేతి నుంచి పడతాయి. ఈ లెక్క రాగానే ఇద్దరు కౌలుదార్లు వాళ్ల నిజం ఖర్చులు వేసుకుని నాకు విడిగా పంపారు. పుట్టికి ఎంత పడిందో వాళ్లు లెక్క వేసుకోవడం అదే మొదటిసారట.

తడి వడ్ల సాయంత్రం

మద్దతు ధరను ఆటలో ఒక హక్కుగా పెట్టాను. ధర ఎంత పడ్డా ఆ రేటుకు అమ్ముకునే హక్కు. ఫ్యూచర్స్ మార్కెట్లలో ఇలాంటి హక్కును రైతు డబ్బిచ్చి కొనుక్కోవాలి. మనకు ప్రభుత్వం ఊరికే ఇస్తోంది. అయితే ఆ హక్కు వాడుకోవాలంటే తేమ 17 శాతం దాటకూడదు, రైతు సేవా కేంద్రంలో పేరుండాలి, వరుస రావాలి. కాబట్టి ఆటలో ఎవరి వడ్లయినా కోత రోజు 22 శాతం తేమతోనే వస్తాయి.

‘తడి వడ్లు 17,500, ఆరినవి 19,500’ అని గ్రూపులో వార్త కార్డు పెట్టాను. పుట్టికి రెండు వేలు తేడా అని అందరూ ఆరబెట్టారు. మర్నాడు లెక్క చూపించాను. నూరు కిలోల తడి వడ్లలో నీళ్లు 22, గింజ పదార్థం 78. ఆరితే నీళ్లు పోతాయి, ఆ 78 మాత్రం అలాగే ఉంటుంది. అది 83 శాతం కావాలంటే మొత్తం బరువు 94 కిలోలు. అంటే క్వింటాకు ఆరు కిలోలు గాలిలో కలిసిపోతాయి. పుట్టి 850 కాస్తా 799 అవుతుంది. దానికి 19,500 రేటున వచ్చేది సుమారు 18,330. కూలీ, పట్టలు 400 తీసేస్తే మిగిలే లాభం 430. రెండు వేలనుకున్నది 430 అయింది. దానికోసం మూడు రోజులు వాన టెన్షన్.

ఆ సాయంత్రం మాటలు మార్కెటింగ్ నుంచి కాటా మీదకు మళ్లాయి. తేమకు ఇంత తరుగు అని పుట్టికి ఎన్ని కిలోలు కోస్తున్నారు, న్యాయంగా కోయాల్సింది ఎంత అని తేల్చుకోవడానికి ఇప్పుడు వాళ్ల దగ్గర సూత్రం ఉంది. 22 శాతానికి 51 కిలోలు. 20 శాతానికైతే 31 కిలోలు. అంతకంటే ఎక్కువ కోస్తే ఎందుకని అడగొచ్చు. నాకు తెలిసి మొత్తం ఆటలో నేరుగా కల్లంలోకి వెళ్లిన పాఠం ఇదొక్కటే. సెప్టెంబర్‌లో సంఘం తేమ మిషన్ ఒకటి కొనింది. కాటాకు ముందు సొంతంగా చూసుకుంటున్నారు.

ఒక వారం అందర్నీ మిల్లర్లను చేశాను. పచ్చి బియ్యానికి ప్రభుత్వ లెక్కలో నూరు కిలోల వడ్లకు 67 కిలోలు రావాలి. పుట్టికి 569 కిలోల పైమాట. నూక ఎంత, తవుడు ఎంత, చెన్నైకి లారీ బాడుగ ఎంత అని వేసుకుంటే, మిల్లరు ఎక్కడ బేరం ఆడగలడో ఎక్కడ ఆడలేడో కనిపించింది. తడి వడ్లకు రేటు ఎందుకు కోస్తాడో అర్థమైంది. రంగు మారిన వడ్లకు ఇంకా ఎందుకు కోస్తాడో కూడా.

మూడో దారిలో ఎనిమిదో వారం కార్డు ‘ఎగుమతులపై నిషేధం’. 2023 జూలై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపడం, 2024 సెప్టెంబర్ 28న తిరిగి వదలడం చూసి రాసిన కార్డు అది. ఆ రాత్రి ప్లాన్ ఉన్నవాళ్లు తక్కువ కంగారుపడ్డారు. అప్పటికే వాళ్ల వడ్లు సగానికి పైగా పోయి ఉన్నాయి కాబట్టి. పంట బీమా ఆదుకోదా అని ఒకరు అడిగారు. బీమా పోయిన దిగుబడికే, పడిన ధరకు కాదు.

ఒంగోలు వైపు నుంచి ఇద్దరు శనగ రైతులు కూడా చేరారు. అద్దంకి దగ్గర అతను, దిగే దారి చూపించినప్పుడు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాడు. 2012 తర్వాతి ఏళ్లలో ప్రకాశం జిల్లాలో శనగలు కోల్డ్ స్టోరేజీల్లో పెట్టి, వాటి మీద బ్యాంకు అప్పు తీసుకుని, ధర వస్తుందని ఎదురుచూసిన కుటుంబాల్లో వాళ్లది ఒకటి. ధర దిగుతూ పోయింది, వడ్డీ, అద్దె పెరుగుతూ పోయాయి. ‘రసీదు ఉంది కదా, అప్పు తక్కువ వడ్డీనే కదా అనుకున్నాం సార్. ఎప్పుడు అమ్మి బయటపడాలో మాత్రం రాసుకోలేదు’ అన్నాడు. ఆయన అనుమతితో ఆ మాటను గ్రూపులో చదివి వినిపించాను. నిల్వ గురించి నా క్లాసులన్నీ ఒక ఎత్తు, ఆ పది నిమిషాలు ఒక ఎత్తు. ఆ తర్వాత ప్లాన్ కాగితంలో ఇంకో గడి చేర్చాం: ‘ధర ఇంతకు పడితే మిగతావి కూడా అమ్మేస్తాను.’

ఇరవై మూడు మందిలో పద్దెనిమిది మంది చివరిదాకా ఆడారు. మానేసిన ఐదుగురిలో నలుగురు కౌలుదార్లే. రాత్రి ఏడున్నరకు వాళ్లు పొలం నుంచి రారు. నేను పెట్టిన సమయం వాళ్లకు కుదిరేది కాదు. ఎడగారు కోతల్లో తొమ్మిది మంది కనీసం రెండు విడతలుగా అమ్మారు. మిగిలినవాళ్లు ఎప్పటిలాగే ఒకేసారి అమ్మారు. అందులో కొందరికి కల్లం లేదు, కొందరికి ఆగే వీలు లేదు. ఆట వాళ్లకు కల్లం కట్టించలేదు.

మొదటి బ్యాచ్‌లో వడ్లు తడిసిన ఇంటికి సెప్టెంబర్‌లో మళ్లీ వెళ్లాను. ఆ కుర్రాడు రెండో బ్యాచ్‌లో కూడా ఆడాడు. గోడ మీద క్యాలెండర్ పక్కన ప్లాన్ కాగితం అంటించి ఉంది. నేను చదువుతుంటే వాళ్లమ్మ వంటింట్లోంచి వచ్చి, ‘ఆ అప్పు తారీఖు తప్పు రాశాడు సార్, పదో తేదీ కాదు, ఐదు. నన్నడిగితే చెప్పేదాన్ని’ అంది. ఇంటి అప్పులన్నీ ఆమె నోటి లెక్కలో ఉన్నాయి. ఆటలోకి మాత్రం ఆమెను ఎవరూ పిలవలేదు, నేనూ పిలవలేదు. వచ్చే కారు బ్యాచ్‌కు మనిషికో లాగిన్ తీసేసి ఇంటికో లాగిన్ పెడుతున్నాను. ప్లాన్ కాగితం మీద ఇంట్లో ఇద్దరి సంతకాలు ఉంటేనే ఆట మొదలు. సమయం కూడా రాత్రి తొమ్మిదికి మార్చాను. మద్దతు ధర గడిలో 2025-26 రేటు 2,389 వేశాను, పుట్టికి 20,306.